పట్టుచీర, ప్యారీస్ కార్నర్, ప్రకాశం పంతులుగారు

మన బడిలో ఏ వార్షికోత్సవం జరిగినా ఒక అంశం తప్పేది కాదు. పంచె కట్టుకుని, కండువా వేసుకుని, తెల్లజుట్టు కోసం తలకు పౌడరు రాసుకున్న ఒక కుర్రాడు వేదిక మీదికి వస్తాడు. ఎదురుగా కర్రతుపాకులు పట్టుకుని ఇద్దరు చిన్న క్లాసు పిల్లలు సిపాయిలుగా నిలబడతారు. కుర్రాడు చొక్కా గుండీలు ఊడదీసి ఛాతీ చూపిస్తాడు. చప్పట్లు. ఆ చప్పట్ల కోసం నేనూ 8వ తరగతిలో గుండీలు ఊడదీసినవాణ్ణే. తరవాత అదే బడిలో సోషల్ అయ్యవారినై, పాతికేళ్ళపాటు ఎందరో పిల్లల చేత ఊడదీయించినవాణ్ణి కూడా. స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంఘం మిత్రులు అడిగినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆ దృశ్యమే. దాంతోపాటు ఒక సంకోచం కూడా. ఇన్నేళ్ళూ ఆ మహానుభావుడి జీవితంలోని 5 నిమిషాలే చెప్పాం. 85 ఏళ్ళ బతుకులో మిగిలినదంతా ఏమైంది?

టంగుటూరి ప్రకాశం పంతులుగారు 1872 ఆగస్టు 23న ఇప్పటి ప్రకాశం జిల్లాలోని వినోదరాయునిపాలెంలో పుట్టారు. తండ్రి గోపాలకృష్ణయ్యగారు, తల్లి సుబ్బమ్మగారు. పిల్లవాడికి 11 ఏళ్ళున్నప్పుడు తండ్రి పోయారు. సుబ్బమ్మగారు పిల్లల్ని తీసుకుని ఒంగోలు చేరి పూటకూళ్ళ ఇల్లు పెట్టారు. ఆ రోజుల్లో ఆ కులంలో, ఆ వయసు విధవరాలు పదిమందికి డబ్బులకు అన్నం వండిపెట్టడమంటే ఊరు చెవులు కొరుక్కునే పని. ఆవిడ పట్టించుకోలేదు. ఆ వచ్చేది చాలక పిల్లవాడు వారాలు చేసుకుని చదివాడు. వారాలంటే ఇప్పటి పిల్లలకు తెలియదు. సోమవారం ఒకరింట, మంగళవారం ఇంకొకరింట భోజనం. పెట్టేవాళ్ళ ముఖం చూసి ఆకలి ఎంతో నిర్ణయించుకోవాలి.

పిల్లవాడు బుద్ధిమంతుడేమీ కాడు. ఇది కూడా మనం బడిలో చెప్పం. ఆకతాయి సావాసాలు, నాటకాల పిచ్చి, వీధి తగాదాలు అన్నీ ఉన్నాయి. ఒంట్లో బలం ఉంది, భయం లేదు. ఆ వయసులో ఆ రెండూ ఉన్న కుర్రాడు ఎటైనా పోవచ్చు. మా క్లాసులోనే అలాంటి ఇద్దరు ముగ్గురు ఉండేవారు. పేర్లు రాయను, చదివేవాళ్ళకు తెలుసు. వాళ్ళలో ఒకడు ఊరికి పెద్దమనిషి అయ్యాడు, ఒకడు ఏమయ్యాడో ఎవరికీ తెలియదు.

ఒంగోలు కుర్రాడు ఎటూ పోకుండా ఆపినవాడు ఒక బడిపంతులు. ఆయన పేరు ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారు. మిషన్ పాఠశాలలో అధ్యాపకుడు, నాటకాలాడించడంలో దిట్ట. ఈ పిల్లవాడిలో అందరూ అల్లరి చూస్తే ఆయన చురుకు చూశాడు. నాటకాల్లో వేషాలిచ్చాడు, ఆడవేషాలు కూడా వేయించాడు. వీధిలో కర్ర తిప్పే చేతులకు గాజులు తొడిగించి, పద్యం పాడించి, పదిమంది ముందు ఎలా నిలబడాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో నేర్పాడు. తరవాతి కాలంలో హైకోర్టులో జడ్జీల ముందు నిలబడినప్పుడు ప్రకాశంగారికి అక్కరకొచ్చిన చదువు ఇదేనని నా నమ్మకం.

ప్రవేశపరీక్షకు ముందు పరీక్ష ఒకటి. దాని ఫీజు 3 రూపాయలు. ఇంట్లో లేవు. కుర్రాడు బావగారి ఊరికి నడిచి వెళ్ళి అడిగాడు. దొరకలేదు. మళ్ళీ నడిచి వచ్చాడు. సుబ్బమ్మగారు ఏమీ మాట్లాడకుండా తన పట్టుచీర తీసుకెళ్ళి తాకట్టు పెట్టి 3 రూపాయలు తెచ్చి చేతిలో పెట్టారు. విధవరాలికి పట్టుచీర అంటే మడికి, పూజకు, పెట్టెలో మిగిలిన పాత సంసారానికి అన్నింటికీ అదొక్కటే.

నేను ఉద్యోగంలో ఉండగా ఒక ఏడాది ఈ ఘట్టాన్ని వేదిక ఎక్కించాను. 9వ తరగతి అమ్మాయి సుబ్బమ్మగారు. పాపం బాగా చేసింది. పెట్టె తెరిచి చీర తీసి, ఒకసారి చెంపకు ఆనించుకుని, మడిచి చంకన పెట్టుకుని బయల్దేరింది. హాల్లో చప్పట్లు పడలేదు. వెనక వరసలో కూర్చున్న ఒక తల్లి మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మరుసటి ఏడాది పిల్లలే వచ్చి, సార్, మళ్ళీ తుపాకీ సీనే వేద్దాం అన్నారు. వేశాం.

నాయుడుగారు కాపురం రాజమండ్రికి మార్చినప్పుడు ఈ శిష్యుణ్ణీ వెంటబెట్టుకుని వెళ్ళారు. సొంత పిల్లవాణ్ణి చూసుకున్నట్టు చూసుకుని చదివించారు. రాజమండ్రిలో ఆ రోజుల్లో నాటకాల హోరు. చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు నాయుడుగారి సమాజం కోసమే నాటకాలు రాస్తున్నారు. వాటిలో మొదటివాటిలో ఒకటి కీచకవధ. చీకటి నర్తనశాలలో భీముడు కీచకుణ్ణి మట్టుపెట్టే కథ మనవాళ్ళకు ఎంత ఇష్టమో వేరే చెప్పక్కర్లేదు. మా ఊరి పద్యనాటకాల్లో భీముడు గద భుజానికెత్తుకుని వచ్చేసరికి నిద్రపోయే పిల్లలు కూడా లేచి కూర్చునేవారు. ధర్మరాజు పద్యం మొదలుపెడితే పెద్దలు బీడీలకు, టీలకు లేచేవారు. ధర్మరాజు వేషం కట్టేవాడికి జీతం కూడా తక్కువని విన్నాను. సినిమాలొచ్చాక ఇది ఇంకా ముదిరింది. హీరో ఆఫీసరు చెంప పగలగొడితే విజిల్ వేస్తాం. ఆ ఆఫీసులో ఫైలు సరిగ్గా రాసి, పేదవాడి భూమి పేదవాడికి దక్కేలా చూసిన గుమాస్తా మీద మాత్రం ఎవరూ పాట రాయరు.

ప్రకాశంగారు గురువుగారి ప్రోత్సాహంతో మద్రాసు వెళ్ళి న్యాయశాస్త్రం చదివి సెకండ్ గ్రేడ్ ప్లీడరయ్యారు. ఒంగోలులో కొంతకాలం, తరవాత రాజమండ్రిలో ప్రాక్టీసు. చేతినిండా డబ్బు. 30 దాటీ దాటగానే రాజమండ్రి మునిసిపల్ చైర్మన్ అయ్యారు. వారాలబ్బాయి పురపాలకాధ్యక్షుడు కావడం కొందరు పెద్దలకు మింగుడుపడలేదు. తగాదాలు, పార్టీలు, కోర్టుకేసులు. ఆ రాజకీయాల్లో బలం చూపిన చోట బలం చూపారు. ఆ రోజుల రాజమండ్రి ఎన్నికలు పూలదండలతో జరిగేవి కావు.

సెకండ్ గ్రేడ్ ప్లీడరు హైకోర్టులో వాదించడానికి వీల్లేదు. అందుకని 1904లో ఇంగ్లాండు ప్రయాణం కట్టారు. మాంసం, మద్యం, పొగ ముట్టనని సుబ్బమ్మగారికి మాటిచ్చి ఓడ ఎక్కారు. మాట నిలబెట్టుకున్నారు. అక్కడ బారిస్టరు చదువుతూనే దాదాభాయి నౌరోజీ పార్లమెంటు ఎన్నికకు పనిచేశారు. 1907లో తిరిగొచ్చి మద్రాసు హైకోర్టులో ప్రాక్టీసు పెట్టారు. అప్పట్లో అక్కడ పేరు మోసిన వకీళ్ళలో ఎక్కువమంది అరవవారు. ఈ ఒంగోలు బారిస్టరు వాళ్ళ మధ్య నిలదొక్కుకుని వేలు సంపాదించారు. అదే ఏడాది బిపిన్ చంద్రపాల్ మద్రాసు వచ్చి ప్రసంగిస్తుంటే, అధ్యక్షత వహించడానికి చాలామంది వెనకాడిన సభకు ఈయన అధ్యక్షత వహించారు. 1911లో తిరునల్వేలి కలెక్టరు ఆష్ హత్య జరిగితే ఆ కేసులో ముద్దాయిల తరఫున వాదించారు. తెల్లదొరను చంపారన్న కేసులో ముద్దాయిల పక్షాన నిలబడటానికి ధైర్యం ఎంత కావాలో చట్టం తెలియడం కూడా అంతే కావాలి. ధైర్యం ఒక్కటే ఉన్నవాడు ముద్దాయిని కాపాడలేడు.

1921లో గాంధీగారి పిలుపు మీద ఆ ప్రాక్టీసు వదిలేశారు. మద్రాసులో స్వరాజ్య పత్రిక పెట్టారు. ఇంగ్లీషులో మొదలుపెట్టి తెలుగు, తమిళంలో కూడా నడిపారు. ఖాసా సుబ్బారావు, కోటంరాజు రామారావు వంటి పెద్ద పాత్రికేయులు ఆ పత్రికలో పనిచేసినవారే. ప్రకాశంగారు సంపాదించినదంతా అందులో పోసేశారు. చాలక అప్పులు చేశారు. లెక్కలు రాసుకోవడం, ఖర్చు ఆపుకోవడం ఆయన స్వభావంలో లేదు. ఇది గొప్పగా చెప్పుకోవలసిన విషయం కాదు. జీతాలు ఆలస్యమైన ఉద్యోగి ఇంట్లో ఆ త్యాగం వేరేలా కనిపించి ఉంటుంది. పత్రిక పదిహేనేళ్ళు లాగి మూతపడింది. యజమాని చేతిలో ఏమీ మిగల్లేదు.

ఇక ఆ రోజుకు వద్దాం. 1928 ఫిబ్రవరి 3. సైమన్ కమిషన్ బొంబాయిలో ఓడ దిగిన రోజు. దేశమంతా హర్తాళ్. మద్రాసులో హైకోర్టు పరిసరాల్లో, ప్యారీస్ కార్నర్ దగ్గర జనం పోగయ్యారు. పోలీసులు కాల్పులు జరిపారు. పార్థసారథి అనే యువకుడు చనిపోయాడు. శవాన్ని చూడటానికి ఎవరినీ దగ్గరికి రానివ్వడం లేదు. ప్రకాశంగారు ముందుకు నడిచారు. సిపాయి తుపాకీ ఎత్తి, ఒక్క అడుగు వేస్తే కాలుస్తానన్నాడు. ఆయన చొక్కా తెరిచి ఛాతీ చూపించి కాల్చుకోమన్నారు. పక్కనున్నవారెవరో ఈయనెవరో, కాలిస్తే ఏమవుతుందో సిపాయికి చెప్పారు. తుపాకీ దిగింది. దారి ఇచ్చారు. తెలుగువాళ్ళు ఆయన్ని ఆంధ్రకేసరి అన్నారు. అప్పటికి ఆయన వయసు 55.

ఈ ఘట్టంలో మా పిల్లల చేత ఎన్నడూ చేయించనిది ఒకటుంది. ఆయన అక్కడికి వెళ్ళింది తలపడటానికి కాదు, చనిపోయిన పిల్లవాణ్ణి చూడటానికి. చేతిలో కర్ర కూడా లేదు. వెనకున్న జనాన్ని సిపాయిల మీదికి ఉసిగొల్పలేదు. ఆ క్షణంలో ఒక్క కేక వేసి ఉంటే ఇంకో పదిమంది పడిపోయేవారు. రాజమండ్రి వీధుల్లో కర్ర పట్టిన పాత మనిషికి ఆ కేక వేయడం ఎంతసేపు? మేము మాత్రం వేదిక మీద కుర్రాడి చేత గర్జింపజేశాం. సింహం కదా మరి.

ఆ తరవాత ఉప్పు సత్యాగ్రహం, కేంద్ర శాసనసభకు రాజీనామా, జైళ్ళు. 1937లో రాజాజీ మంత్రివర్గంలో రెవెన్యూ మంత్రి అయ్యారు. ఆయన జీవితంలో అన్నిటికన్నా పెద్దదని నేననుకునే పని ఇక్కడుంది. జమీందారీ విచారణ సంఘానికి ఆయన అధ్యక్షుడు. 65 ఏళ్ళ మనిషి, పేరులో సింహం ఉన్న మనిషి, కూర్చుని 1802 నాటి పర్మనెంటు సెటిల్మెంటు సన్నదులు, శిస్తు లెక్కలు, పాత రెగ్యులేషన్లు, 1908 నాటి ఎస్టేట్ల చట్టం తిరగేశారు. రైతుల నుంచి, జమీందారుల నుంచి సాక్ష్యాలు తీసుకున్నారు. 1938లో సంఘం నివేదిక ఇచ్చింది. దాని సారాంశం సూటిగా ఉంటుంది. భూమి రైతుది. జమీందారు ప్రభుత్వం తరఫున శిస్తు వసూలు చేసేవాడే తప్ప భూమికి యజమాని కాడు. 1802లో ఖాయం చేసిననాటి స్థాయికి మించి శిస్తు పెంచే హక్కు అతనికి లేదు.

వెంకటగిరి, బొబ్బిలి, పిఠాపురం ఎస్టేట్ల కింద బతికిన రైతుల పిల్లలు మన బడిలోనూ చదివారు. వాళ్ళ తాతలు దివాణం ముందు చెప్పులు చేత్తో పట్టుకుని నడిచినవాళ్ళు. యుద్ధం వచ్చి 1939లో మంత్రివర్గాలు రాజీనామా చేయడంతో ఆ నివేదిక చట్టం కాలేదు. కానీ అది వేసిన బాట చెరిగిపోలేదు. 1948లో మద్రాసు రాష్ట్రం ఎస్టేట్ల రద్దు చట్టం చేసింది. ఒక్క తుపాకీ పేలకుండా లక్షల ఎకరాల మీద వందేళ్ళు దాటిన పెత్తనం పోయింది. ఈ నివేదికను వేదిక మీద ఎలా ఆడించాలో నాకు ఇప్పటికీ తోచలేదు. కళ్ళజోడు పెట్టుకున్న ముసలాయన కాగితాలు తిప్పుతుంటే చప్పట్లు కొట్టేదెవరు?

1942 ఉద్యమంలో అరెస్టయి 1945 దాకా జైల్లో ఉన్నారు. 1946లో మద్రాసు ప్రధాని పదవికి పోటీ వచ్చింది. గాంధీగారికి ఈయన ఆ పదవి చేపట్టడం ఇష్టం లేదు. ప్రజలు సభల్లో ఇచ్చిన పర్సులను ప్రకాశంగారు సొంత ఖర్చులకు వాడుకున్నారన్నది గాంధీగారి అభ్యంతరం. ఉన్నదంతా దేశానికే పోశాను, ప్రజలు నా బతుకుకే ఇచ్చారన్నది ఈయన భావన. ఇందులో ఎవరిది ఒప్పు అని మా స్టాఫ్ రూములో ఒకసారి మధ్యాహ్నమంతా వాదులాట జరిగింది. నేను అప్పుడు ప్రకాశంగారి పక్షం. ఇప్పుడు అడిగితే గాంధీగారి పక్షానికే మొగ్గుతాను. ఎవరి గుండె ఎంత పెద్దదైనా పదిమంది డబ్బుకు చిట్టా ఉండాలి. ఈ పూర్వవిద్యార్థుల సంఘానికి మూడేళ్ళు కోశాధికారిగా చేశాక ఆ అభిప్రాయం ఇంకా గట్టిపడింది.

పార్టీ మాత్రం ఆయన్నే ఎన్నుకుంది. 1946 ఏప్రిల్ నుంచి 1947 మార్చి దాకా, ఏడాది కూడా నిండకుండా, ప్రధానిగా ఉన్నారు. ఫిర్కా అభివృద్ధి పథకం ఆయన కాలంలోదే. గ్రామాల్లో ఖద్దరు బతకాలని కొత్త బట్టల మిల్లులకు అడ్డుపడ్డారు. ఎవరి మాటా వినరని సొంత పార్టీవాళ్ళే ఎదురుతిరిగి దించేశారు. నిజంగానే వినేవారు కాదు. సిపాయి ముందు వెనక్కి తగ్గని గుణం సహచరుల ముందు కూడా వెనక్కి తగ్గనివ్వలేదు.

1948లో, పోలీసు చర్యకు ముందు, ప్రాణానికి ప్రమాదమని నెహ్రూగారు వారించినా హైదరాబాదు వెళ్ళి రజాకార్ల నాయకుడు కాశిం రజ్వీని కలిసి, హద్దు మీరుతున్నావని ముఖం మీదే హెచ్చరించి వచ్చారు. ఇదీ ఛాతీ చూపడమే. కాకపోతే ఈసారి కుర్చీలో కూర్చుని చూపించారు. తరవాత కాంగ్రెసు వదిలారు, ప్రజాపార్టీ పెట్టారు, ఎన్నికల్లో ఓడిపోయారు. ఆ రాజకీయాలన్నీ రాస్తే ఈ సంచిక చాలదు.

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడింది. కర్నూలు రాజధాని. ఆఫీసులకు కట్టడాలు లేక డేరాలు వేశారు. 81 ఏళ్ళ ప్రకాశంగారు మొదటి ముఖ్యమంత్రి. ఏడాది చిల్లర కాలంలో తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చింది. 1952 వరదల్లో తెగిపోయిన కృష్ణ ఆనకట్ట బదులు విజయవాడలో కొత్త బ్యారేజీ పని మొదలైంది. దాని మీదుగానే మనం ఇప్పుడు గుంటూరు వైపు వెళ్తున్నాం, పేరు కూడా ఆయనదే. 1954 నవంబరులో మద్యనిషేధం విషయంలో శాసనసభలో పెట్టిన తీర్మానం మీద ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది.

ఒక్క ఓటు! మా కాలంలో ఈ పాఠం చెప్పినప్పుడు పిల్లలు అడిగే మొదటి ప్రశ్న, ఆ ఒక్కణ్ణి సింహం ఏమీ చేయలేదా సార్ అని. వాళ్ళ తప్పు కాదు. వాళ్ళు చూసే సినిమాలో హీరో ఆ ఒక్కణ్ణి రాత్రికి రాత్రి ఎత్తుకొచ్చేవాడు, మనం ఈల వేసేవాళ్ళం. ప్రకాశంగారు ఓట్లు లెక్కపెట్టగానే పదవి దిగిపోయారు. తుపాకీకి తలొగ్గని మనిషి చేతులెత్తిన లెక్కకు తలొగ్గాడు. ఏళ్ళ తరబడి పిల్లలకు ఈ భాగం ఒక్క వాక్యంలో చెప్పి గంట కొట్టేదాకా ప్యారీస్ కార్నర్ కథ చెప్పేవాణ్ణి. ఉద్యోగం చివరి రెండేళ్ళలో మాత్రం దీనికే ఒక పీరియడ్ పూర్తిగా ఇచ్చాను. క్లాసులో ఓటింగు కూడా పెట్టాను. లీడరుగా ఉన్న పిల్లవాడు ఒక్క ఓటుతో ఓడి, బెంచీ మీద తల పెట్టుకుని ఏడ్చాడు. మర్నాడు ఉదయం హాజరు పుస్తకం, సుద్దముక్కల డబ్బా తెచ్చి గెలిచిన అమ్మాయి బల్ల మీద పెట్టాడు. వాడు ఇప్పుడు ఎక్కడున్నా ఈ సంచిక చేరితే సంతోషం.

పదవి పోయాక ప్రకాశంగారికి సొంతమంటూ చెప్పుకోదగ్గ ఆస్తి లేదు. పూట గడపడానికి ఇబ్బందిపడిన రోజులున్నాయి. తిరగడం మాత్రం మానలేదు. 1957లో, 85వ ఏట, నడివేసవిలో ఒంగోలు ప్రాంతంలో పర్యటిస్తూ హరిజనవాడకు వెళ్ళారు. ఆ ఎండ దెబ్బ తగిలింది. హైదరాబాదు తీసుకెళ్ళి ఆసుపత్రిలో చేర్చారు. కోలుకోలేదు. మే 20న కన్నుమూశారు. బ్యారేజీ అప్పటికింకా పూర్తి కాలేదు.